వానకు ముందు తీసిన ఉన్ని

సౌదీలోని ఈ హఫర్ అల్ బాతిన్‌లో చలి ఉంటుందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. ఎడారిలో చలేంట్రా అని నవ్వుతారు. జనవరి వానలో ఒక్క పూట ఇక్కడ నిలబడితే తెలుస్తుంది వాళ్లకు.

ఓబులేసుది కళ్యాణదుర్గం పక్క పల్లె. అతని కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, రెండు వందల పైచిలుకు గొర్రెలుంటే, మేపేది అతనొక్కడే. నాది రాయచోటి. వారానికి రెండుసార్లు అతని డేరాకు నీళ్ల ట్యాంకర్ తోలతాను. నేను వెళ్లిన రోజే అతను తెలుగు మాట్లాడేది. జీవాల సంగతి తనకు తెలియనిది లేదని అతని ధీమా. నేనూ అదే నమ్మాను.

అతని భార్య ఊర్మిలకు గర్భసంచిలో గడ్డ. మొగుడు పక్కనుండాలని ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసుకుంది. గొర్రెలు ఈనడం అయిపోగానే సెలవిస్తానని కఫీల్ మాటిచ్చాడు.

మబ్బులు పట్టిన రోజు నేను వెళ్లేసరికి ఓబులేసు కత్తెర పట్టుకుని చూలు గొర్రెల ఉన్ని తీస్తున్నాడు.

"తడిస్తే బొచ్చు బరువెక్కుతాది సలీమన్నా. పేలు పడతాయి. మా పక్క తొలకరికి ముందే తీసేస్తాం" అన్నాడు.

"మంచి పని చేస్తాండావు" అన్నాను. ఆ మాటన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. మా తొలకరి ఎండల మీద పడుతుంది. ఇక్కడి వాన చలి మీద పడుతుంది. ఆ చిన్న ముక్క మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు.

మూడు రోజులు ఒకటే వాన, ఉత్తరపు గాలి. నాలుగో రోజు బురదలో ట్యాంకర్‌ను ఎలాగో లాక్కెళ్లాను. పదిహేడు చూలు గొర్రెలు కొయ్యబారి పడి ఉన్నాయి. ఓబులేసు తన రెండు కంబళ్లూ మిగిలిన వాటి మీద కప్పి, ఒంటి చొక్కాతో కూర్చున్నాడు.

అంతలో కఫీల్ బండి వచ్చింది. జబ్బు చేసి చచ్చాయని చెప్తానన్నాను.

"వద్దన్నా. తెలీక నేనే చంపినా. అట్లే చెప్పు."

అలాగే అరబ్బీలో చెప్పాను. కఫీల్ అరవలేదు. అరిచినా బాగుండేది. చచ్చిన గొర్రెలను ఒక్కొక్కటే తిరగేసి చూసి, మిగిలిన వాటికి ఉన్ని మళ్లీ పెరిగేదాకా సెలవు మాట ఎత్తొద్దని చెప్పమన్నాడు. దాన్ని తెలుగులో చెప్పాను. ఉన్ని పెరగడానికి ఎన్ని నెలలు పడుతుందో ఓబులేసుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నా ఫోన్ నుంచి ఊర్మిలకు కలిపిచ్చాను. ఏడుస్తూ అంతా చెప్పాడు.

"సరేలే, ఏడవగాకు" అంది ఆమె. "ఇంగ వాయిదా ఎయ్యలేను. నేనే పొయ్యి చేపిచ్చుకుంటా. సంతకం పెట్టేదానికి మనిషి కావాలంటాండారు. ఎవుర్ని పిల్చుకోని పోయేది?"

ఓబులేసు ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఆమె అవతల ఇంకా అడుగుతూనే ఉంది.