మిద్దెల మీది దారి

బయ్యన్న మనవరాలు హేమ మొదటి గెలుపు 1998 నాటిది. ఒకసారి తప్పినా పట్టు విడవక, మళ్లీ పరీక్ష రాసి హైదరాబాదులో ఆర్కిటెక్చర్ సీటు సంపాదించింది. కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల్లో ఆ చదువు చదివిన మొదటి పిల్ల ఆమే. 2003లో పట్టా చేతికి రాగానే బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో చేరింది. ఆటలోని ఊళ్లూ కోటలూ కట్టడం ఆమె పని.

"ఎవరూ కాపురముండని ఇండ్లు కడతాందంట కదన్నా నీ మనవరాలు!" అని తోటి మేస్త్రీ ఈరన్న ఎగతాళి చేసేవాడు.

"వానకు కారవులేప్పా, నువ్వు కట్టినవాటి మాదిరి" అనేవాడు బయ్యన్న. నలభై ఏళ్లు మట్టిమిద్దెలు, అంటే మన్ను పరిచిన చదును కప్పుల ఇండ్లు, కట్టినవాడాయన. ఎండాకాలం పడకలూ, శెనక్కాయల ఆరబోతలూ, ఇరుగుపొరుగు కబుర్లూ అన్నీ ఆ మిద్దెల మీదే సాగిన కాలమది.

2005 వేసవిలో హేమ దిగులుమొహంతో ఊరికి వచ్చింది. తన ఆటలో తమ వీధినే కట్టింది. వేగు ఒకడు కావలివాళ్ల కళ్లుగప్పి, సందుల వెంట ఊరు దాటాలి. మిద్దెలేమో ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఆడేవాళ్లు సందుల్లోకి దిగకుండా, మిద్దెల మీదుగా రెండు నిమిషాల్లో దాటేస్తున్నారు. "మిద్దెకూ మిద్దెకూ మధ్య గోడలు లేపు. లేదంటే పది రోజుల్లో నీ ఊరు తీసేస్తాం" అన్నాడు పై అధికారి.

"గోడలు లేపితే అది మన ఊరెట్ల అయితాది తాతా?"

"గోడలెందుకు అమ్మీ? మన్ను మిద్దె మీద ఊరికే పోనిస్తారా? అడుగేస్తే గవాచిలోంచి మన్ను రాలదా?"

గవాచి అంటే వెలుతురు కోసం కప్పులో వదిలే కంత. దాని కిందే పొయ్యి.

"సంగట్లో మన్ను పడితే నేనెప్పుడన్నా ఊరుకున్యానా?" అంది పొయ్యి దగ్గర నుంచి బయ్యన్న భార్య నారాయణమ్మ. "ఊరంతా ఇనపడేట్ల తిట్టేదాన్ని కదా, మీ తాతనైనా సరే!"

"అందుకే గోడ నెత్తిన నడుస్తా ఉంటి. ఆడ మన్ను రాలదు" అన్నాడు బయ్యన్న.

హేమ మూడు రోజులు మిద్దెలన్నీ ఎక్కి, గవాచీలు కొలుచుకుని పోయింది. ఆటలో ఇప్పుడు గోడ నెత్తి మీంచి అడుగు తప్పితే మన్ను రాలుతుంది, కింద ఒక ముసలమ్మ తిట్లు లంకించుకుంటుంది, కావలివాడు తలెత్తి చూస్తాడు. ఆ గొంతు నారాయణమ్మదే. పై అధికారి ఊరిని తీయలేదు. ఆ ఆట పదకొండు దేశాల్లో అమ్ముడైంది. హేమ చేతి కింద ఇప్పుడు తొమ్మిదిమంది పనిచేస్తున్నారు.

ఊళ్లో మాత్రం మిద్దెలు కూల్చి సిమెంటు స్లాబులు వేసుకుంటున్నారు. మిగిలిన నాలుగింటినీ కొలిచి, బొమ్మలు గీసుకోవడానికి వస్తానని హేమ జాబు రాసింది. "నా మనవరాలు వచ్చిందాకా పార పట్టొద్దప్పా" అని బయ్యన్న, తన మిద్దె కూల్చబోతున్న పక్కింటి తిప్పయ్య దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె వచ్చేది 2006 మే 21, ఆదివారం.