ట్రంకుపెట్టెలో తడిచొక్కా

మా చిన్నప్పుడు... భిలాయి క్యాంప్ 1లో వానాకాలం వచ్చిందంటే మా ఇంటి గోడలన్నీ చెమ్మే. తలగడలు కూడా ముక్కవాసన. దేవుడి పటాల వెనక బూజు. అమ్మ రోజూ బొగ్గుల కుంపటి గదిలో పెట్టి, దండెం మీద నాన్న స్టీల్ ప్లాంటు డ్యూటీ బట్టలు ఆరబెట్టేది.

అమ్మ ఇరుగుపొరుగు వాళ్ల చీరలకి ఫాల్ కుట్టేది. ఆ ఏడు పక్కింటి దీదీ, కూతురి నిశ్చితార్థం పట్టుచీర ఇచ్చింది. అమ్మ కుట్టేసి, పాత దుప్పటిలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఊరికే దగ్గు పట్టేవాణ్ణి... వానలో ఆడితే వీపు విమానం మోతే! అయినా ఆడాను. తడిసిన చొక్కా ఎక్కడ దాచాలో తోచక ఆ పెట్టెలోనే కుక్కి, మూతేసి, మరిచిపోయాను.

వారానికి గుర్తొచ్చి తీశాను. చొక్కా ఒకటే కంపు. కింద దుప్పటి విప్పి చూస్తే చీర మీద తెల్లగా, నల్లగా మచ్చలు... చీర మళ్లీ చుట్టేసి, చొక్కా లాక్కుని మూతేసేశాను.

మర్నాడు అమ్మ చూసింది.

"ఓలమ్మా! ఇదేటిది... చీరంతా బూజెట్టీసింది! గోడ చెమ్మని తెలిసీ పెట్టె ఇక్కడే ఉంచీసేను. నాదే బుద్ధి తక్కువ."

ఎండలో వేసింది, నిమ్మరసం రాసింది. మచ్చలు పోతేనా! నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒక్క మాట చెప్పలేదు, వెధవని.

చివరికి తన పెళ్లిచీర తీసుకెళ్లి దీదీ చేతిలో పెట్టింది. "అరే నహీ బహన్!" అని ఆవిడ ఎంత వద్దన్నా అమ్మ వినలేదు. నిశ్చితార్థంలో ఆ పిల్ల మా అమ్మ చీర కట్టుకుని కూర్చుంటే... నేను చేతిలో లడ్డూ అలాగే పట్టుకుని బయటికి వచ్చేశాను.

ఇప్పుడు నానమ్మల పెళ్లిచీరలు కట్టుకోవడం అమ్మాయిలకి సరదా కదా... మొన్న మా అమ్మాయి పెళ్లి కుదిరితే అడిగింది, "నానమ్మా, నీ పెళ్లిచీర ఇస్తావా?" అని.

"నేదే తల్లీ... నా తెలివితక్కువకి ఎప్పుడో పోయింది," అంది అమ్మ, తప్పు చేసినదానిలా.

నేను పక్కనే ఉన్నాను. తల వంచుకుని పెళ్లి పిలుపుల జాబితా రాసుకుంటూ ఉండిపోయాను.

మీ తప్పు కూడా మీ అమ్మ తన నెత్తిన వేసుకుందా? రాయండి... నేను మాత్రం, అమ్మకి ఫోనులో చదవడం రాదన్న ధైర్యంతోనే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను.