వెనక గోడ వాళ్ల నిద్ర

నా చిన్నప్పుడు మా మందిరంలో వెనక గోడ రాత్రి షిఫ్టు వాళ్లది. ఆదివారం పొద్దున గనిలోంచి పైకి వచ్చి, స్నానం చేసి, తలకు నూనె రాసుకుని నేరుగా ఆరాధనకు వచ్చేవాళ్లు. రెండో పాట అయ్యేసరికి గోడకు తల ఆనించి నిద్రపోయేవాళ్లు. ప్రతి క్రిస్మస్‌కు సున్నం వేసినా ఆ గోడ మీద నూనె మరకలు మళ్లీ వరసగా తేలేవి. కూర్చున్న ఎత్తును బట్టి ఏది ఎవరి మరకో మా వాడ పిల్లలందరికీ తెలుసు.

గోదావరిఖని అంచున ఆ మందిరం కట్టింది వాళ్ల తండ్రులే. ఊళ్ల నుంచి గని పనికి వచ్చి, షిఫ్టు దిగాక రాళ్లు మోసి కట్టుకున్నారట. గంట కొనే స్తోమత లేక రైలు పట్టా ముక్క వేలాడదీశారు. మా పక్కింటి అవ్వ అప్పటికి కొత్త కోడలు. గోడలకు మొదటి సున్నం తనే కలిపానని చెప్పుకునేది. కొత్తవాళ్లెవరైనా ఆ నిద్ర చూసి ముఖం చిట్లిస్తే అవ్వ ఊరుకునేది కాదు. "ప్రభువు ఓడల పండుకోలేదా? గంత తుఫానుల గూడ పండుకున్నడు. అలిసినోడు తండ్రి ఇంట్ల పండుకుంటే నీకేంది నొప్పి?" అనేది.

ఒక్క కట్టుబాటు మాత్రం ఉండేది. నిద్రలో ఉన్నవాడి మీద ఆరాధన చివరి దీవెన చెప్పకూడదు. అంతకుముందే ఆ మనిషి ఇంటి పిల్లలు వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి లేపాలి. అందరూ నిలబడ్డాకే పాస్టరయ్య చేతులెత్తేవాడు. మా బాపును లేపడం నా పని. చెయ్యి పడగానే కళ్లు తెరవకుండానే నవ్వేవాడు.

ఒక వానాకాలం బాపుకు జ్వరం వచ్చింది. దవాఖానలో మంచం పక్కన నన్ను కూర్చోబెట్టి అమ్మ చాయ్ తేవడానికి వెళ్లింది. బాపు పడుకునే ఉన్నాడు. మందిరంలో లేపినట్టే భుజం మీద చెయ్యి వేశాను. లేవలేదు. గట్టిగా కుదిపాను. అమ్మ వచ్చి నా చెయ్యి తీసేసింది. ఆ తర్వాతివి వరసగా గుర్తులేవు. ఎవరో బిస్కెట్ ఇచ్చారు, తిన్నాను. పిల్ల ఏడవడం లేదని చుట్టాలు గుసగుసలాడారు. ఆదివారాలు వెళ్లి బాపు మరక పక్కనే కూర్చునేదాన్ని. పాటలు పాడేదాన్ని. పాడుతున్నది ఇంకెవరో అన్నట్టుండేది.

తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులవి. మరుసటి ఎండాకాలానికి, నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్టు గని తవ్వకం మా వాడ దాకా వచ్చింది. కొత్త కాలనీలో అందరికీ జాగలు ఇచ్చారు. మందిరం కూడా వదలాలి. చివరి ఆదివారానికి తలుపులు, కిటికీలు ఊడదీసి ట్రాక్టర్ మీదికి ఎక్కించారు. గోడను ఎక్కించలేరు కదా.

ఆ రోజు నేను వెళ్లేసరికి బాపు చోట్లో ఒకాయన కూర్చుని ఉన్నాడు. మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఇంటివాళ్లింకా రాలేదు. అక్కడ కూర్చోబెట్టింది అవ్వే. సరిగ్గా బాపు మరక మీద తల పెట్టుకుని నిద్రపోయాడు.

దీవెన వేళ అయింది. పిల్లలంతా తమ తమ వాళ్లను లేపారు. ఆయనొక్కడే మిగిలాడు. అవ్వ నా వైపు తిరిగింది.

"లేపు బిడ్డా. మీ బాపు జాగల ఉన్నడు గద."

చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఎవరో లేపబోతే అవ్వ ఆపింది. "ఆగుండ్రి. అది పిల్ల పని."

"అవ్వా, ట్రాక్టరాయన పోతా అంటుండు" అని వాకిట్లోంచి ఒకాయన కేకేశాడు.

"పోతే పోనియ్. గీ గోడలు లేపిన నాడు ట్రాక్టర్ ఉండెనా? నెత్తిన మోస్కపోదం."

"ఇంకింత సేపైతే ఆ తవ్వే మిషిని గూడ వచ్చి చాప మీద కూసుంటది" అన్నారెవరో. కొందరు నవ్వారు. పాస్టరయ్య నవ్వలేదు, తొందరపెట్టలేదు. చేతులు దించుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మందిరంలో అదే ఆఖరి దీవెన. అది నా దగ్గరకు వచ్చి ఆగిపోయిందని నాకు తెలుసు. అయినా చెయ్యి రాలేదు.

అవ్వ వచ్చి నా పక్కన కూలబడి, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది. "లేవడేమోనని భయమైతాందా?"

అవునని తలూపాను. అన్ని నెలల్లో ఎవరూ అడగని మాట అది.

"మీ బాపును లేపేటాయన పైనున్నడు బిడ్డా. ఆ పని నీది కాదు. గీయన్ని లేపుడు నీ పని."

చెయ్యి వేశాను. చొక్కా కింద భుజం వెచ్చగా ఉంది. ఆయన ఉలిక్కిపడి లేచి, "ఏంది, డ్యూటీ టైమైందా?" అన్నాడు. మందిరమంతా నవ్వింది.

"కాలే కాకా. దీవెన" అన్నాను.

పాస్టరయ్య చేతులెత్తాడు. నేను అప్పుడు కూడా ఏడవలేదు. దీవెన మాటలు చెవిన పడ్డాయో లేదో కూడా చెప్పలేను. అరచేతిలో ఆ వేడి మాత్రం తెలిసింది. బాపు పోయాక నాకు నిజంగా తెలిసిన మొదటి సంగతి అదే.

ఇప్పుడు ఆ మందిరం ఉన్నచోట పెద్ద గొయ్యి ఉంది. అవ్వ కూడా ప్రభువులో నిద్రించింది. కొత్త మందిరం గోడలకు టైల్స్ వేశారు, మరకలు నిలవవు. అయినా రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు వెనక్కే వెళ్లి కూర్చుంటారు. లేపడానికి తమ పిల్లలు లేనివాళ్లను నేను లేపుతాను. ప్రతిసారీ భుజం దాకా వెళ్లిన చెయ్యి కొంచెం ఆగుతుంది. ఆ భయం ఇన్నేళ్లయినా పోలేదు. నా పని ఏదో, పైనున్నాయన పని ఏదో ఒకసారి తలచుకుంటాను. తర్వాత చెయ్యి వేస్తాను.