అర మాత్ర

గుంటూరు మిర్చి యార్డు పక్కవీధిలో ఉండే ఒక కూచిపూడి నర్తకికి నేను మృదంగం వాయించేవాణ్ణి. ఆవిడ మోకాళ్ళ నొప్పికి ఎన్ని మాత్రలైనా మింగేవారు. నా తాళంలో అర మాత్ర తప్పితే మాత్రం మింగేవారు కారు. "మళ్ళీ మొదట్నుంచి, మాస్టారూ!" అనేవారు. మిర్చి ఘాటుకు తుమ్మొచ్చినా తాళంలోనే తుమ్మమనేవారు.

డాక్టరు ఆట మానెయ్యమన్నాక, ఆ వీధి హాల్లోనే ఆవిడ చివరి ప్రదర్శన. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడుతుంటే నేను తుమ్మాను. నా దెబ్బ ఆలస్యమైంది. పళ్ళెం ఆ దెబ్బకోసం ఆగి, దానితో కలిసి కదిలింది. జనానికి తెలియలేదు, చప్పట్లు కొట్టారు.

"చివరిది చెడగొట్టానమ్మా" అన్నాను. ఆవిడ గజ్జెలు విప్పేశారు.

మర్నాడు పొద్దున్నే కబురంపారు. వెళ్ళేసరికి గజ్జెలు కట్టుకుని, చూసేవాళ్ళెవరూ లేని గదిలో పళ్ళెం మీద నిలబడి ఉన్నారు.

"తుమ్మేవన్నీ ఇప్పుడే తుమ్మెయ్యండి, మాస్టారూ. మళ్ళీ మొదట్నుంచి."