ఉప్పుపర్ర మీద ఒక మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా మందకు ఉప్పుపర్రే దిక్కు. శ్రీకాకుళం తీరాన, పోటెత్తినప్పుడల్లా సముద్రపు నీరు తడిపిపోయే ఆ బీడులో ఉప్పుగడ్డి, ఉప్పటి ఆకుల ఇలకూర తప్ప మరేమీ మొలవవు. చీపురుపల్లి వైపు మెట్ట గొర్రెల పక్కన నిలబెడితే మావి ఎత్తులో తీసికట్టే. కూర వండితే మాత్రం మాదే పైచేయి. "ఉప్పుగడ్డి రుసినిస్తాది, మంచినీరు కండనిస్తాది" అనేవాడు మా తాతయ్య. అందుకే రోజుకు రెండుసార్లు మందను సరుగుడు తోట అవతల, ఇసకలో తవ్విన చెలమకు తోలాలి.

ఆ వేసవి సెలవుల్లో ఆ పని నాది. మందలో పక్కింటి అక్క పొట్టేలుపిల్ల కూడా ఉండేది. తల్లి చచ్చిపోతే అక్కే గంజి పట్టి బతికించింది. పారదీప్ వైపు చేపల వేటకు వెళ్ళిన బావ క్షేమంగా తిరిగొస్తే అమ్మవారికి ఇస్తానని మొక్కుకుంది. "దీన్ని పెంచియ్యే సెల్లీ" అని నా గడ్డం పట్టుకుని మరీ అడిగింది.

పొద్దుటి పూట బాగానే తోలేదాన్ని. మధ్యాహ్నం ఇసక కాళ్ళు కాల్చేది, నీడలో గవ్వలాట పిలిచేది. చెలమ ఎగ్గొట్టి, వెళ్ళొచ్చినట్టు కనబడాలని గొర్రెల మీద ఇంత తెల్ల ఇసక చల్లి ఇంటికి తోలుకొచ్చేదాన్ని. ఎంత తెలివి నాది! పెద్ద గొర్రెలు ఓర్చుకున్నాయి గానీ పిల్ల ఓర్చుకోలేదు. నెల తిరిగేసరికి దాని వెన్నెముక చేతికి తగిలింది.

అక్క దాన్ని తడిమి చూసి, "నా మొక్కులో ఏటి లోపమున్నాదో" అని ఏడ్చింది. నేను గబగబా దాని వీపు మీది ఇసక దులిపేశాను.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్యే అన్నం పట్టుకుని పర్రకు వచ్చాడు. పొడి అన్నం, కాల్చిన ఉప్పుచేప. ఇద్దరం తిన్నాం. నీళ్ళ ముంత మాత్రం తేలేదు. కాసేపటికి నా నాలుక పిడచకట్టింది. నీళ్ళడిగితే నవ్వి, ఇంకో చేప ముక్క చేతిలో పెట్టాడు. తినలేక తల తిప్పుకున్నాను. ఎదురుగా పిల్ల కూడా ఇలకూర దగ్గర నిలబడి అచ్చం అలాగే తల తిప్పుకుంది.

అప్పుడు నాకు ఏడుపాగలేదు. ఇసక సంగతంతా చెప్పేశాను.

"తెలుసునే" అన్నాడు తాతయ్య. "సెలమకెళ్ళిన గొర్రెకి ఇసక గిట్టల సందున ఉంటాది గానీ, ఈపు మీద ఉంటాదేటి?"

మందను చెలమకు తోలాం. పిల్ల తాగింది. దాని పక్కనే నేనూ కడుపు నిండా తాగాను. తలెత్తి చూస్తే తాతయ్య కండువాతో ఎండిన పెదవులు తుడుచుకుంటున్నాడు.

"నువ్వు తాగవేటి తాతా?"

"నిన్ను ఎండబెట్టి నేను తాగుతానేటే? పిల్ల తాగాల, నువ్వు తాగాల, ఆ తరవాతే నేను" అంటూ దోసిలి పట్టాడు. చెలమలోంచి నా దోసిట ముంచి నీళ్ళు నేనే పోశాను.

లోపం మొక్కులో లేదని ఆ సాయంత్రం అక్కకు నేనే చెప్పాను. పిల్ల ఎదిగింది, బావ వచ్చాడు. మొక్కు తీరిన రోజు వీధంతా ఆ కూరను మెచ్చుకుంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. వాళ్ళ మీద చెయ్యెత్తబోయినప్పుడల్లా, వాళ్ళకు వేసే శిక్ష నేనూ వాళ్ళ పక్కన కూర్చుని అనుభవించగలనా అని ఆలోచిస్తాను. చాలాసార్లు నా వల్ల కాదనిపిస్తుంది. అప్పుడు చెయ్యి దించేసి, లోపలికి వెళ్ళి వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చిస్తాను.