చప్పుడు లేని చేతులు

మా బాపుకు కళ్ళు పోతున్నాయన్న సంగతి అందరికంటే ముందు అమ్మకే తెలిసింది. కూర గిన్నె ఒకచోట ఉంటే ఆయన గరిటె ఇంకోచోట ముంచేవాడు. అయినా పొద్దున్నే టాక్సీ తాళాలు జేబులో వేసుకుని ఎయిర్‌పోర్టుకు బయలుదేరేవాడు. ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. శంషాబాద్‌లో సగం మంది మగవాళ్ళు డ్రైవర్లయ్యారు, మిగతా సగం అవుదామని తిరుగుతున్నారు. షుగర్ వల్ల చూపు మందగించిందని తెలిస్తే కారు ఓనరు ఆ రోజే తాళాలు లాక్కుంటాడు. అందుకే బాపు ఎవరికీ చెప్పలేదు, అమ్మను చెప్పనివ్వలేదు.

"రోడ్డు నాకు తెల్వదా ఏంది? కండ్లు మూసుకోని నడుపుత" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అమ్మ బతుకు నరకమైంది. ఆరాంఘర్ దగ్గర యాక్సిడెంటయిందట అని వీధిలో ఎవరైనా అంటే చాలు, చేతిలో ఉన్నది వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తేది. కూరగాయలతో పాటు వేలు కూడా కోసుకునేది. బాపు కారు హారన్ వినపడేదాకా ముద్ద గొంతు దిగేది కాదు. మా నాయనమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, ఇచ్చిన ఓదార్పు ఒక్కటే: "ఊకె ఏడుపు మొకం పెట్టకు, నా కొడుక్కు శని పడ్తది." దేవుడి గూట్లో దీపం ముట్టించి, దండకం చదివి, అదే నోటితో బయటికొచ్చి కోడలిని తిట్టే మనిషి ఆమె.

ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేసే పక్కింటి అక్క ఒక ఆదివారం అమ్మను సాతంరాయిలో తమ చర్చికి తీసుకుపోయింది. రేకుల షెడ్డు, కింద పరిచిన పట్టాలు, ఒక మైకు. తోడుగా నేనూ వెళ్ళాను. అమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తల మీద చేతులుంచి, ఆమెను ఏడవనిచ్చారు. మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

ఆ తర్వాత అమ్మ మారింది. బాపు కారెక్కగానే బియ్యం డబ్బా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకునేది. లేచి, కళ్ళు తుడుచుకుని, అన్నం పెట్టుకుని తినేది. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, నమ్మకాల మీద పెద్దగా మర్యాద లేని వయసు. కానీ ఆ దేవుడి మీద నాకెప్పుడూ కోపం రాలేదు. మా అమ్మకు అన్నం తినిపించింది ఆయనే.

"నా పెనిమిటిని సల్లగ ఇల్లు చేర్చు" అని, అడిగింది అదొక్కటే. ఒక వానాకాలం బాపు కారును డివైడర్‌కు రాపాడించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓనరు తాళాలు తీసుకున్నాడు. కొన్నాళ్ళకు మిగిలిన కాస్త చూపూ పోయింది. ఆ ఆదివారం అమ్మ మైకు ముందు నిలబడి, తన భర్త ఇక రోడ్డెక్కే పని లేకుండా దేవుడు ఇల్లు చేర్చాడని సాక్ష్యం చెప్పింది. షెడ్డంతా స్తోత్రం అంది. ఇంట్లో బాపు గోడవైపు తిరిగి మంచం మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ అడిగింది అడిగినట్టే దొరికింది.

తర్వాత ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఆ చర్చిలో బొట్టు, గాజులు, పుస్తెలతాడు తీసేస్తారు. పాస్టరు గారు కోస్తా మనిషి, మెల్లగా మాట్లాడతారు. "తొందరేమీ లేదమ్మా, మీ మనసు ఒప్పుకున్నప్పుడే తీయండి" అన్నారు. అమ్మ ఆ రోజే తీసేసింది. ఇల్లు చేరేసరికి నాయనమ్మ గడపలో కాచుకుని ఉంది.

"మొగడు బతికుండంగనే ముండ మోసినవా? నా కొడుకు సచ్చేదాక గూడ ఆగవా?"

అమ్మ చేతులు కొంగు కింద దాచుకుని లోపలికి వెళ్ళింది.

ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. చూపు పోయాక బాపుకు అమ్మ ఎక్కడుందో చెప్పేవి ఆ మట్టిగాజులే. చప్పుడును బట్టి అమ్మ వంటింట్లో ఉందో, వాకిట్లో ఉందో తెలుసుకుని, మొహం అటు తిప్పి మాట్లాడేవాడు. అవి పోయాక ఆ మొహానికి దిక్కు లేకుండా పోయింది. ఒకరోజు అడిగేశాడు.

"ఇంట్ల ఉన్నప్పుడన్న జర గాజులు ఏస్కోవే. నువ్వు యాడున్నవో తెలుస్తలేదు."

"దేవుని ముందట మాటిచ్చిన. తప్పితే నీకే కీడైతదని భయమైతుంది. యాడున్ననో నోటితోని చెప్త తీ."

కొన్నాళ్ళు చెప్పింది. తర్వాత మర్చిపోయింది. ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి, బాపు మంచం మీద నుంచి "ఏమే, ఉన్నవా?" అని పిలుస్తున్నాడు. మంచానికి చేయి చాపితే తగిలేంత దూరంలో, కళ్ళు మూసుకుని అమ్మ మోకాళ్ళ మీద ఉంది. ఆయన చూపు కోసమే ప్రార్థన. మధ్యలో లేవకూడదని ఆమె పట్టు. బాపు గోడతో "ఎవలూ లేరా?" అన్నాడు.

"అమ్మ ఈడనే ఉంది బాపు, ప్రార్థన చేస్తుంది" అన్నాను. గొంతు నాకే కటువుగా వినిపించింది.

"చేస్కోనీ బిడ్డా. నా కోసమే గద" అన్నాడు. కానీ చేయి మాత్రం మంచం అంచు మీద తడుముతూనే ఉంది.

తర్వాతి ఏడాది కిడ్నీలు పోయి దవాఖానలో చనిపోయాడు. పదో రోజు చుట్టాలంతా వచ్చారు. గాజులు పగలగొట్టాలి, బొట్టు తుడవాలి. అమ్మ దగ్గర తీసేయడానికి ఏమీ లేదు. అంతమంది ఆడవాళ్ళు పని లేక నిలబడిపోవడం చూసి నాకు లోపల నవ్వొచ్చింది. నాయనమ్మ మాత్రం సిద్ధమై వచ్చింది. సంచిలోంచి ఆకుపచ్చ మట్టిగాజులు తీసింది.

"ఎయ్యుండ్రి దీనికి. ఏసి పగలగొట్టుండ్రి. గట్ల చెయ్యకుంటే నా కొడుకుకు పెండ్లామే లేదనుకుంటరు."

పక్కింటి అక్క అడ్డమొస్తే మేనత్త ఆమెను నెట్టేసింది. అమ్మ "ఆమెనేమనకుండ్రి, ఏస్కుంట" అని చేతులిచ్చింది. మోచేతుల దాకా తొడిగారు. బొట్టు పెట్టారు. మా అమ్మ ఎంత అందంగా ఉంటుందో నేను అప్పటికి మర్చిపోయాను.

మేనత్త రాయి అందుకుంది. అమ్మ కూర్చోలేదు. వాళ్ళను తప్పించుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడి నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి బాపు మంచం దగ్గరికి నడిచింది. ఇల్లంతా గాజుల చప్పుడు. మంచం దగ్గర ఆగి, చేతులు రెండూ ఊపింది. చాలాసేపు ఊపింది. ఆ చప్పుడుకు అటు తిరగాల్సిన మొహం లేదు.

నాయనమ్మ ఖాళీ మంచం దిక్కు చూసి అంది.

"గీ నడుసుడేదో వాడు బతికున్నప్పుడు నడిస్తే ఏమాయె?"

ఆమె జన్మలో అన్న మాటలన్నిటిలోకీ క్రూరమైనది అదే, నిజమైనదీ అదే. అందుకే ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. అమ్మ వచ్చి కూర్చుని, రెండు చేతులూ రాయి ముందు చాపింది.