ఆరడుగుల కాన్వాస్ మీద వీరమ్మ గారు

నా రెండు కళ్ల మీద ఒట్టు. ఆ కళ్ల వల్లే నేను అన్నం తింటున్నాను, ఉత్తినే ఒట్టు పెట్టుకోను. నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి... మధ్యలో "నిద్రమత్తులో ఉండి ఉంటావులే సరళా" అని మాత్రం అనకండి. ఆ మాట మా ఇంట్లో వాళ్లు ఇప్పటికే బోలెడుసార్లు అనేశారు.

విజయవాడ వన్ టౌన్‌లో, బట్టల కొట్ల వెనక సందులో మా ప్రింటింగ్ షాపు. ఫోటోలను పెద్ద పెద్ద కాన్వాస్‌ల మీద వేస్తాం. మిషన్ సంగతి ప్రసాద్ గారు చూసుకుంటారు. ఫోటో సిద్ధం చేయడం నా పని. ఫోన్‌లో ముద్దుగా కనిపించే ముఖాన్ని అంత పెద్దగా సాగదీస్తే గళ్లు గళ్లుగా విడిపోతుంది. దాన్ని మళ్లీ మనిషిగా నిలబెట్టాలి. గొప్పలనుకోకండి, ఆ పని నాకు బాగా వచ్చు.

ఆ రోజు నాగమణి అనే ఆవిడ ఫోన్ చేసింది. కొల్లేరు ఒడ్డున ఊరు, చేపల వ్యాపారం. వాళ్లమ్మ వీరమ్మ గారు పోయి ఏడాది కావస్తోంది. ఎల్లుండే సంవత్సరీకం.

"మా అమ్మకి ఉన్నది ఈ ఒక్క ఫోటోనే అండీ. హనుమాన్ జంక్షన్‌లో చేపలమ్ముతుంటే ఎవరో ఫోన్లో తీశారు. రేప్పొద్దున్నే బస్సుకొచ్చి తీసుకెళ్తాను. మా అమ్మ మా అమ్మలాగే ఉండాలండీ, అంతే."

"మీరేం కంగారుపడకండి. బ్రహ్మాండంగా చేసిస్తాను," అన్నాను.

ఫోటో తెరిచాను. వాట్సాప్‌లో చేతులు మారి మారి నలిగిపోయి ఉంది. అయినా ఆవిడని చూసి నా చేయి ఆగిపోయింది. ముందు గంప, పక్కన కత్తిపీట. బేరమాడేవాళ్ల వంక 'ఇంకా ఎంతసేపమ్మా' అన్నట్టు ఒక చూపు... పెదవి చివర చిన్న నవ్వు. నేను ఎంతమంది నాయకులను, ఎంతమంది పెళ్లికొడుకులను ఇంతింత సైజులో వేశానో లెక్కలేదు. వాళ్లలో ఒక్కరికీ ఈ దర్జా లేదు.

చీకటి పడేసరికి వర్షం మొదలైంది. కూర్చున్నాను. ఫోటోని ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పెంచాను. కాన్వాస్ రంగు పీల్చేస్తుంది కాబట్టి నీడలను కాస్త పల్చన చేశాను. చెక్క ఫ్రేమ్ మీదికి మడవడానికి చుట్టూ అంచులు పెంచాను. చివరికి ముఖం దగ్గరకు వచ్చాను.

మా పనివాళ్లందరికీ ఒక అలవాటుంది. పోయినవాళ్ల ముఖం చేతికి రాగానే శుభ్రం చేసేస్తాం. ముడతలు నున్నగా, రంగు ఒక పిసరు తెల్లగా. ఎవరూ అడగక్కర్లేదు, చేతులు వాటంతటవే పోతాయి. వీరమ్మ గారికీ అదే చేశాను. ఎడమ కనుబొమ్మను కోస్తూ సన్నని తెల్లటి గీత ఒకటి కనిపించింది. ఫోటో నలగడం వల్ల వచ్చిన మరకే అనుకుని దాన్నీ తుడిచేశాను.

ముందు కళ్లూ నుదురూ వచ్చేలా అసలు సైజులోనే చిన్న కాన్వాస్ పట్టీ మీద వేసి చూసుకున్నాం. కనుబొమ్మ నున్నగా ఉంది.

"చేపలావిణ్ణి హీరోయిన్ని చేసేశావు కదమ్మా!" అన్నారు ప్రసాద్ గారు.

"మీ పెళ్లి ఫోటో ఇవ్వండి, మిమ్మల్నీ చేస్తాను," అన్నాను.

ఆయన నవ్వుతూ ప్రింట్ మొదలుపెట్టి, టిఫిన్ పట్టుకొస్తానని గొడుగేసుకుని వెళ్లారు. రోల్‌లో మిగిలిన కాన్వాస్ ఆ ఒక్క బొమ్మకే సరిపోతుంది. అందుకే నేను మిషన్ పక్కనే నిలబడ్డాను.

రంగు చిమ్మే హెడ్ అటూ ఇటూ పోతోంది. జుయ్... జుయ్... జుట్టు వచ్చింది. పాపిట వచ్చింది. నుదురు దిగుతోంది. జుయ్... జుయ్...

ఉన్నట్టుండి చప్పుడు మారింది.

జు... జు... జు... చాలా చిన్నగా. హెడ్ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడం లేదు. ఒక్కచోటే... జానెడు మేర... అటూ ఇటూ. కాన్వాస్ ముందుకు కదలడం లేదు. ఆపుదామని చేయి చాచాను. చేయి అక్కడే ఉండిపోయింది. ఏదో వాసన... ఇంకుది కాదు. తడిసిన చెక్క, నాచు కలిసిన వాసన. ఎదురుగా నుదురు మాత్రమే ఉంది, కళ్లు ఇంకా రాలేదు. అయినా నన్ను ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. ఒట్టు, అలాగే అనిపించింది.

తర్వాత... జుయ్... మిషన్ మామూలుగా కదిలింది. కనుబొమ్మ బయటికి వచ్చింది.

దాన్ని కోస్తూ గీత.

కంప్యూటర్ దగ్గరకు పరుగెత్తాను. ఫైల్‌లో గీత లేదు. పాత ఫైల్ పంపానేమో అనుకున్నాను. కాదు. నేను తీసేసిన ముడతలు కాన్వాస్ మీద లేవు, నేను వేసిన తెలుపు అలాగే ఉంది. తిరిగి వచ్చింది ఆ గీత ఒక్కటే.

ప్రసాద్ గారు పొట్లాలతో వచ్చారు. వంగి చూశారు. "హెడ్ రాసుకుని ఉంటుందిలే," అన్నారు. మళ్లీ చూశారు. హెడ్ రాసుకుంటే నల్లగా ఇంకు పూసినట్టు ఉంటుంది. ఇది మానిన గాయం రంగులో ఉంది. ఇడ్లీలు పొట్లంలోనే చల్లారిపోయాయి.

పెద్ద బొమ్మను దూరం నుంచి చూడాలి. ఇద్దరం గోడ దాకా వెనక్కి జరిగాం. నిజం చెబుతున్నాను... ఎంత బాగుందో ఆవిడ! పట్టీలో కనిపించిన బొమ్మ కాదు, మనిషి. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

తెల్లవారాక నాగమణి వచ్చింది. 'పాడు చేశారు' అంటుందనే అనుకున్నాను. వేరే కాన్వాస్ లేదు, వేయడానికి సమయమూ లేదు. ఆవిడ నన్ను చూడను కూడా చూడలేదు. తిన్నగా వెళ్లి ఆ గీత మీద వేలు పెట్టింది.

"ఉంచారా అండీ! బస్సెక్కాక గుర్తొచ్చింది, తియ్యొద్దని చెప్పలేదే అని. నా చిన్నప్పుడు కొల్లేట్లో మా దోనె తిరగబడిందండీ. నన్ను నీళ్లలోంచి పైకి తోస్తుంటే దోనె అంచు మా అమ్మ ముఖానికి కొట్టుకుంది. రక్తం కారుతున్నా నన్ను వదల్లేదు."

ఉన్నది చెప్పేశాను. "నేను తీసేశానండీ... దానంతటదే వచ్చింది."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మా అమ్మ ఎవరి మాటా వినదండీ."

పర్సులో పెట్టుకోవడానికి చిన్న ఫోటో ఒకటి అడిగింది. గీత లేని అదే ఫైల్ నుంచి తీసి ఇచ్చాను. చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. మెల్లగా తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"ఇది వద్దండీ. ఈవిడెవరో..."

మిషన్ తడబడిందో, నా కళ్లే మోసపోయాయో, ఇంకేమైనానో... నాకు ఈ రోజుకీ తెలియదు. నేను అంత కష్టపడి చేసిన మనిషిని కన్నకూతురే పోల్చుకోలేకపోయింది. మరి ఆ రాత్రి కాన్వాస్ మీద ఆవిణ్ణి ఆవిడలా చేసింది ఎవరు?